రాజా దీనదయాళు

హైదరాబాదు సంస్థానము నేలిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున కవులు, పండితులు, గాయకులు, వేటగాండ్రు పెక్కుమంది యుండిరి. వారిలో ఒకని పనిముట్టు కలము గాదు, వీణ గాదు, తుపాకి గాదు. మూడు కాళ్ల కొయ్యపై నిలిచిన ఒక పెట్టె, దాని ముందొక కటకము, వెనుక నొక నల్లని గుడ్డ. ఆ పెట్టెతో ఆయన సంపాదించిన కీర్తి సికిందరాబాదు నుండి ఇంగ్లండు రాణి కొలువు వఱకు ప్రాకెను. ఆయనయే రాజా లాలా దీనదయాళు.

నిలుకడగా నున్న దానిని చిత్రించుటలో ఆయనను మించినవారు ఆనాడు మన దేశమున మిక్కిలి అరుదు. కాని లోకము నిలుకడగా నుండదు గదా! గుఱ్ఱము పరుగెత్తును, ఏనుగు నడచును, పసిబిడ్డ తల త్రిప్పును. ఆ కదలికతో ఆయనయు, ఆయన కాలపు ఛాయాచిత్రకారు లందఱును బహుకాలము పెనుగులాడిరి. ఆ పెనుగులాట ఎట్టిదో తెలిసిననే ఆయన నేర్పు మనకు బోధపడును.

దీనదయాళు 1844 వ సంవత్సరమున మీరట్టు సమీపమునందలి సర్ధానా పట్టణమున జన్మించెను. వారిది రత్నముల వ్యాపారము చేయు జైన కుటుంబము. రత్నములను పరీక్షించు కన్ను ఆయనకు వంశము వలననే అబ్బినదని చెప్పుట కవులకు చెల్లును గాని, ఆయనకు నిజముగా ఉపకరించిన విద్య వేఱొకటి. రూర్కీ నగరమునందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో ఆయన చదివి, 1866 లో ఇండోరు నగరమునందలి సర్కారు మరామతు శాఖలో ఉద్యోగమున చేరెను. ఈ ఇండోరు మాళవదేశము నందలిది. నిజామాబాదు పట్టణమునకు పూర్వనామమైన ఇందూరు వేఱు. పేరులను బట్టి భ్రమపడరాదు. కట్టడముల పటములు గీయుటయు, ఖర్చుల అంచనాలు వేయుటయు అచ్చట ఆయన పని. స్తంభము నిట్టనిలువుగా నున్నదా, గోడ అంచు సరిగా సాగినదా యని చూచు అలవాటు ఆ పని వలన ఆయన కన్నులకు పట్టుబడెను.

1874 ప్రాంతమున ఆయన కెమెరా చేపట్టెను. ఇండోరు మహారాజు తుకోజీరావు హోల్కరును, అచ్చట ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి. 1875-76 లో వేల్సు యువరాజు మన దేశమునకు వచ్చినపుడు ఆయనను చిత్రించు అవకాశము ఈ పటములు గీయు ఉద్యోగికి లభించెను.

ఆనాటి ఛాయాచిత్రకళ ఎంత శ్రమతో గూడినదో నేటి బాలురు ఊహింపజాలరు. నేడు చేతి ఫోను నెత్తి వ్రేలు తాకించిన చాలును. ఆనాడు అట్లు గాదు. ఒక గాజు పలకను శుభ్రముగా తుడిచి, దానిపై కొలోడియన్ అను జిగురు ద్రవమును సమముగా పోయవలెను. పిమ్మట ఆ పలకను చీకటి గుడారములో వెండి లవణపు ద్రావణమున ముంచవలెను. అది తడిగా నుండగనే కెమెరాలో అమర్చి, కటకపు మూత తీసి, చిత్రమును పట్టి, మరల గుడారమునకు పరుగెత్తి రసాయనములతో కడుగవలెను. తడి యారినచో పలక చెడును. మన యెండలో ఆ తడి ఎంతసేపు నిలుచునో చెప్ప నక్కఱలేదు. కావున ఛాయాచిత్రకారుడు ప్రయాణము చేసినచో గుడారము, సీసాలు, నీటి కుండలు, గాజు పలకల పెట్టెలు, వానిని మోయు కూలీలు గూడ ఆయన వెంట ప్రయాణము చేయుదురు.

ఇంత చేసినను ఆ తడి పలక వెలుతురును త్రాగుటలో మిక్కిలి మందము. ఆరుబయట ఎండలో సయితము రెండు మూడు సెకనులు మొదలు పది ఇరువది సెకనుల వఱకు కటకపు మూత తెఱచి యుంచవలెను. అంతసేపును ఎదుటనున్నవారు కదలరాదు. కూర్చున్నవారి తల వెనుక కానరాకుండ ఇనుప ఆనుగోల నిలుపుట గూడ ఆనాటి చిత్రశాలలలో వాడుక. పాత చిత్రములలోని పెద్దలు అంత గంభీరముగా కనబడుటకు వారి స్వభావము సగము కారణమైనచో, ఈ ఇనుపకోల సగము కారణము.

కదలినవారి గతి యేమగును? మూడు సెకనుల పాటు తెఱచిన కటకము ఎదుట ఒకడు తల త్రిప్పినచో ఆ తల పొగవలె మాసిపోవును. నడచిపోయినచో వాడు పలుచని నీడగా మిగులును. గుఱ్ఱమెక్కి పరుగెత్తినచో ఏమియు మిగులదు. పందెమున సైకిలు త్రొక్కువాడు గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవునను కొందము. అనగా సెకనుకు పది మీటర్లు. మూడు సెకనులలో ముప్పది మీటర్లు పోవును. అతడు చిత్రపు ఒక అంచున చొచ్చి మఱియొక అంచున వెడలిపోవును. వెనుకనున్న చెట్టు మాత్రము ఎవ్వరును రానట్లే స్పష్టముగా పడును. ఈ కారణముననే ఆ కాలపు చిత్రములలో జనసమ్మర్దము గల వీధులు గూడ నిర్జనములుగా కనబడుట కలదు. నిలిచియున్న దొర మిగిలెను. బరువు మోసికొని పోవుచున్న కూలి మిగులలేదు. ఇది పలక చేసిన అన్యాయమే గాని చిత్రకారుడు చేసినది గాదు. అయినను అన్యాయము అన్యాయమే.

రాళ్లు కదలవు. 1882 లో సర్ లెపెల్ గ్రిఫిన్ అను అధికారి బుందేలుఖండము నందు పర్యటించినపుడు దీనదయాళు ఆయన వెంట నుండి కోటలను, దేవాలయములను, స్తూపములను చిత్రించెను. ఆ చిత్రములు 1886 లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన ఒక గ్రంథముగా వెలువడెను. ఆ పనిలో రూర్కీ చదువు ఫలించెను. శిలలపై పడు ఎండ ఏ జామున ఏ శిల్పమును లేపి చూపునో ఆయన ఓపికతో కనిపెట్టి యుండెడివాడు. శిల ఎంతసేపైనను వేచియుండును గనుక చిత్రకారుడును వేచియుండ వచ్చును.

ఇంతలో పాశ్చాత్య దేశములలో పెద్ద మార్పు జరిగెను. 1871 లో రిచర్డు మాడక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటిను పూసిన పొడి పలకను కనుగొనెను. కొలది యేండ్లలో అది మెఱుగుపడి అంగళ్లకు వచ్చెను. దానిని ముందే సిద్ధము చేసి పెట్టెలో దాచుకొనవచ్చును, తీరికగా కడుగవచ్చును. అంతకంటె ముఖ్యముగా, సెకనులో చిన్న భాగము చాలును. అమెరికాలో మైబ్రిడ్జి అనునాతడు 1878 లో పండ్రెండు కెమెరాలను వరుసగా నిలిపి, దారిలో దారములు కట్టి, పరుగెత్తు గుఱ్ఱము ఆ దారములను తెంపుచు తన చిత్రములను తానే తీసికొనునట్లు చేసెను. పరుగునందు ఒక దశలో గుఱ్ఱపు నాలుగు కాళ్లును నేలను వీడి యుండునని ఆ చిత్రముల వలన లోకమునకు రుజువయ్యెను. అప్పటి వఱకు చిత్రలేఖకులు ముందు కాళ్లను ముందునకును, వెనుక కాళ్లను వెనుకకును చాచి గుఱ్ఱమును వ్రాయుచుండిరి. కంటికి దొరకనిది పలకకు దొరకెను.

దీనదయాళు హైదరాబాదునకు వచ్చినది సరిగా ఈ మార్పు కాలముననే. 1885 లో వైస్రాయి లార్డు డఫరిన్ ఆయనకు తన ఛాయాచిత్రకారుడను గౌరవ మిచ్చెను. ఆ ప్రాంతముననే నిజాము ఆయనను తన ఆస్థానమునకు చేర్చుకొనెను. సర్కారు ఉద్యోగమును విడిచి ఆయన సికిందరాబాదున చిత్రశాల నెలకొల్పెను. 1892 లో హైదరాబాదున అంతఃపుర స్త్రీలకై ప్రత్యేకముగా ఒక చిత్రశాలను తెఱచి, దానిని ఒక ఆంగ్ల వనిత పర్యవేక్షణమున నుంచెను. ఘోషా పాటించు కుటుంబములకు అది గొప్ప సౌకర్యము. 1894 లో నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్వర్ జంగ్ బహదూర్ అను పేరును ప్రసాదించెను. ముసవ్వర్ అనగా చిత్రకారుడని అర్థము. 1896 లో బొంబాయి నగరమునను ఒక చిత్రశాల వెలసెను. 1897 లో విక్టోరియా రాణి నుండి అధికార పత్రము వచ్చెను.

ఆ దినములలో ఇందూరునకు నిజామాబాదను పేరు రాలేదు. మంజీరా నదిపై నిజాంసాగరము లేదు. దాని నిర్మాణము 1923 లో మొదలై 1931 లో ముగిసెను. బోధనునందు చక్కెర కర్మాగారము 1937 లో గాని ఏర్పడలేదు. అది 2015 లో మూతపడినది గూడ. కాని సైకిలు మాత్రము అప్పటికే లోకమునకు వచ్చియుండెను. రెండు చక్రములును సమానముగా నుండి, గొలుసుతో నడచు సైకిలు 1885 లో ఇంగ్లండున తయారయ్యెను. 1888 లో డన్‌లప్ అనునాతడు గాలి నింపిన రబ్బరు టైరును కనిపెట్టెను. చక్రము వేగమును పుంజుకొనుటయు, పలక వేగమును పుంజుకొనుటయు ఒకే దశకమున జరుగుట చిత్రము.

పొడి పలక వచ్చినంత మాత్రమున చిక్కు తీఱలేదు. సెకనులో ముప్పదవ వంతు కాలము కటకము తెఱచినను పైన చెప్పిన సైకిలువాడు 33 సెంటీమీటర్లు జరుగును. వేయవ వంతునకు దించిననే ఆ జరుగుట ఒక సెంటీమీటరగును. అందుకే ఆనాటి చిత్రకారులు కొన్ని ఉపాయములు నేర్చుకొనిరి. కదలుదానిని ప్రక్కనుండి గాక ఎదుటినుండి గాని, ఏటవాలుగా గాని పట్టుట యొకటి. ఎదురుగా వచ్చునది చిత్రములో తక్కువ జరుగును. దూరముగా నిలుచుట మఱియొకటి. మలుపు వద్ద వేగము తగ్గు క్షణమునకై, ఊయెల చివర నిలిచిన క్షణమునకై వేచియుండుట ఇంకొకటి. అన్నింటికంటె సులువైనది, కదలుదానిని నిలుచుమని కోరుట.

దీనదయాళు చిత్రములలో ఈ చివరి ఉపాయమే మనకు ఎక్కువగా కానవచ్చును. సైనికుల బారులు, వేట శిబిరములు, విందులు, అతిథుల సమూహములు అన్నియు కుదురుగా అమరియుండును. 1902 ఏప్రిల్ నెలలో వైస్రాయి లార్డు కర్జను సతీసమేతముగా వరంగల్లు జిల్లాలోని నెక్కొండ వద్ద వేటాడెను. ఆనాటి చిత్రము సుప్రసిద్ధము. దొరయు దొరసానియు నిలిచియున్నారు; వారి ముందు పులి పడియున్నది. అడవిలో దుమికిన పులిని ఏ పలకయు పట్టలేదు. చచ్చిన పిమ్మట గాని అది చిత్రమునకు కుదురుగా దొరకలేదు. ఆ చిత్రమును చూచువారికి దొర గొప్పతనము తోచవచ్చును. నాకు మాత్రము ఆ పులి కదలిక లేమియే ముందు కనబడును.

అయినను ఆయనను రాజుల చిత్రకారుడని మాత్రమే తీసివేయుట న్యాయము గాదు. 1899-1900 నాటి ఘోర క్షామమున నిజాము ప్రభుత్వము సాగించిన సహాయ కార్యములను గూడ ఆయన సంస్థ చిత్రించెను. 1903 నాటి ఢిల్లీ దర్బారునకు ఆయన తన సంస్థతో వెడలెను. అచ్చట అలంకరించిన ఏనుగులు బారులు తీరి వీధులలో సాగుచుండగా చిత్రములు తీసిరి. ఏనుగుది నిదానమైన నడక గనుక పలకకు లొంగెను.

చివరి దినములలో ఆయనకు దుఃఖము తప్పలేదు. కుమారుడు ధర్మచందు 1904 లో మరణించెను. మఱుసటి యేడు, 1905 జూలై 5 వ తేదీన, దీనదయాళు పరమపదించెను. పెద్ద కుమారుడు జ్ఞానచందు కొంతకాలము చిత్రశాలను నడపెను.

ఆ 1905 లోనే పారిసు నగరమున పదునొకండేండ్ల బాలు డొకడు, తండ్రి కొనియిచ్చిన కెమెరాతో, తన బంధువుల పిల్ల మెట్లపై నుండి దుముకుచు గాలిలో నున్న క్షణమును పట్టెను. ఆ బాలుని పేరు జాక్ హెన్రీ లార్టీగు. అతనికి మోటారు పందెములన్న ప్రాణము. కొన్ని యేండ్ల తరువాత ఒక పందెమున, దూసికొనిపోవు కారు వెంట తన కెమెరాను గూడ త్రిప్పుచు అతడు చిత్రము తీసెను. ఆ త్రిప్పుట కారు వేగమునకు చాలలేదు. ఆ కెమెరాలో సన్నని చీలిక పలకపై ప్రాకుచు వెలుతురును క్రమముగా లోనికి విడుచును. అందువలన కారు చక్రము కోడిగ్రుడ్డువలె సాగి ముందునకు వాలెను. ప్రక్కన నిలిచిన జనులును, స్తంభములును వెనుకకు వాలిరి. సరిగా రాలేదని మొదట ప్రక్కన పెట్టిన ఆ చిత్రమునే నేడు లోకము వేగమునకు ప్రతిరూపముగా ఎంచుచున్నది.

కదలుదానిని నిలుచుమని కోరుటకు మాఱుగా, దానితో గూడ మనమే కదలుట ఈ పద్ధతి. దీనినే పానింగు అందురు. నిజామాబాదు నుండి బోధనుకు సుమారు 25 కిలోమీటర్ల బాట. మన పందెగాడు ముప్పావు గంట గడువకుండ దానిని దాటును. ఆ బాట ప్రక్కన నిలిచి అతనిని చిత్రింపగోరు విద్యార్థి ఇట్లు చేయవలెను. పాదములు రెండును, అతడు మనకు మిక్కిలి దగ్గఱగా రానున్న చోటునకు ఎదురుగా, కదలక ఆని యుండవలెను. నడుము పైభాగము అతడు వచ్చు దిక్కునకు తిరుగవలెను. దూరమున కనబడినది మొదలు కెమెరాను అతనిపై నిలిపి, అతని వేగముననే నెమ్మదిగా తిరుగుచు, ఎదుటికి రాగానే మీట నొక్కి, పిమ్మటను ఆగక త్రిప్పుచుండవలెను. నొక్కినతోడనే ఆగువారి చిత్రము చెడును. కటకము తెఱచు కాలము సెకనులో ముప్పదవ వంతు గాని అరువదవ వంతు గాని చాలును. అతడు కెమెరాకు కదలనివానివలె తోచును గనుక అతని ముఖము స్పష్టముగా పడును. వెనుకనున్న పసుపు చేలు, చెఱకు తోటలు, విద్యుత్ స్తంభములు అడ్డముగా సాగిన గీతలగును. పదింట తొమ్మిది చెడినను దిగులుపడ నక్కఱలేదు. ఆఱితేఱినవారికిని పెక్కు చెడును.

ఇందులో చక్రమును గూర్చి ఒక వింత కలదు. కెమెరా కదలకున్నచో సైకిలు చక్రపు క్రింది ఆకులు కొంత స్పష్టముగను, పై ఆకులు పూర్తిగా మాసియు పడును. నేలను తాకిన చోట చక్రము ఆ క్షణమునకు నిలిచియే యుండును. పై అంచు మాత్రము సైకిలునకు రెండింతల వేగమున పోవుచుండును. కెమెరాను సైకిలుతో పాటు త్రిప్పినచో ఈ భేదము పోవును. ఇరుసు నిశ్చలముగా నుండి, చుట్టును ఆకులన్నియు సమానముగా మాసి, చక్రము తిరుగుచున్నదని చూచినవారికి చెప్పకయే తెలియును. నూఱేండ్ల నాడు తప్పుగా తలచిన ఆ మాపునే నేడు చిత్రకారులు కోరి తెచ్చుకొందురు.

దీనదయాళు బరువైన కెమెరాకు ఈ విద్య సాధ్యపడదు. మూడు కాళ్లపై నిలిచిన పెద్ద పెట్టెను పరుగెత్తు గుఱ్ఱముతో పాటు ఎవరు త్రిప్పగలరు? ఆయన చేతికి అందినది నిలుకడ. ఆ నిలుకడలోనే ఆయన తన కాలమును నింపెను. ఆయన చిత్రశాల మూతపడిన తరువాత గాజు పలకలు చాలకాలము కుటుంబమువారి వద్ద నుండెను. 1989 లో ఢిల్లీ నగరమునందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారు 2,857 పలకలను కొని భద్రపఱచిరి. వెలుతురున కెత్తి పట్టినచో ఆ పలకలపై నల్లనివి తెల్లగను, తెల్లనివి నల్లగను కనబడును. నిజాము, ఆయన సర్దారులు, భవనములు, వేట శిబిరములు, క్షామకాలపు జనులు అందఱును వానిలో నిలిచియున్నారు.